బొడ్డుతాడుకు నేతగాని ముడి

కుండ మూతికి కట్టిన గుడ్డ విప్పి లోపలికి చూసిన ద్రౌపది వెనక్కి జరిగింది: బిడ్డతో పాటు పడిన మాయకు ఉండాల్సిన బొడ్డుతాడును ఎవరో కోసుకుపోయారు.

పెరట్లో గుంట తవ్వి ఉంది. పసుపు, ఉప్పు, వేపాకు పళ్లెంలో సిద్ధంగా ఉన్నాయి. లోపలి ఖోలీలో, ఆ చిన్న గదిలో, కూతురు బాలమణి, నిన్న పుట్టిన మగబిడ్డ నిద్రలో ఉన్నారు. నీలం నగర్‌లోని ఆ వలస తెలుగు నేతవాళ్ల గల్లీలో కాన్పు ఇంట్లో అయినా, దవాఖానాలో అయినా మాయను పారేయనివ్వరు. కొత్త కుండలో పెట్టించుకుని తెచ్చి, ఇంటి వెనక పాతిపెడతారు. చాలామంది మూత విప్పకుండానే పూడ్చేస్తారు. ద్రౌపది అత్తగారు మాత్రం బొడ్డుతాడు పైకి ఉండేలా సర్దాలని, లేకపోతే బిడ్డకు పాలు వంటబట్టవని చెప్పి పోయింది. అందుకే ద్రౌపది విప్పింది.

మూరెడు తాడు ఉండాల్సిన చోట బొటనవేలంత ముక్క ఉంది. చివర కత్తెరతో కోసిన చీర అంచులా సాఫుగా ఉంది. రక్తం కారకుండా దాని చుట్టూ ఆకుపచ్చ నూలు పోగు బిగించి ఉంది.

ద్రౌపదికి మొదట వచ్చిన మాట ఒక్కటే. అది మనసులో ఆగలేదు, నోట్లోంచి వచ్చేసింది.

"భానామతి! నా మనవనికి ఎవరో భానామతి జేసిండ్రు!"

బీడీల చాటలు ఒళ్లోంచి దించి ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. కుండను దవాఖానాలో చేతికిచ్చింది ఎవరని ఒకామె అడిగింది. ఇచ్చింది ఆయా. ఆయా అంటే యల్లమ్మ, ఇదే గల్లీలో నాలుగిళ్ల అవతల ఉంటుంది. కొంతం చౌక్ దగ్గరి ఆ ప్రసూతి దవాఖానాలో ఆమెను పనికి పెట్టించింది కూడా ద్రౌపదే.

"యల్లమ్మ ఇచ్చింది" అంది ద్రౌపది.

ఆ రెండు మాటలు గల్లీ చివరికి చేరేసరికి పది మాటలయ్యాయి. యల్లమ్మ బొడ్లు కోసి అమ్ముతుందట. అక్కల్‌కోట్ రోడ్డు అవతల ఎవరో మంత్రగాడు కొంటాడట. పోయినేడాది ఫలానా ఇంట్లో పసిబిడ్డకు విరేచనాలు పట్టుకున్నది అందుకేనట. కులపెద్ద పోచయ్య మగ్గం ఆపి వచ్చాడు. కుండలోకి ఒకసారి చూసి, ముక్కు మీద కండువా పెట్టుకుని, తీర్పు కాని తీర్పు ఒకటి చెప్పాడు.

"పొద్దుమూకంగ మార్కండేయ గుడికాడ కూసుందాం. యల్లమ్మ నిజం జెప్తె సరే. లేకుంటె గీ గల్లీల ఆమె ఖోలీ ఖాళీ జేయాలె. దవాఖానావోళ్లకు సుత నేనే పోయి చెప్త."

అప్పుడు తెలిసింది ద్రౌపదికి, తన నోరు ఎంత పని చేసిందో.

* * *

యల్లమ్మ ఏడుస్తూ వస్తుందనుకుంది ద్రౌపది. యల్లమ్మ కొంగు బిగించి వచ్చింది.

"ఏందే ద్రౌపది వదినె, నాకు భానామతి వచ్చునా? నిజంగ వస్తే నా మొగని తాగుడు ఇడిపియ్యనా? మా ఆడిబిడ్డ నోరు మూపియ్యనా? నీ మనవని బొడ్డే దొరికిందా నాకు?"

"నేను గట్ల అనలే యల్లమ్మ. నువ్వు ఇచ్చినవన్న, గంతే."

"గంతేనా? గా గంతతోటే నా కొలువు పోతది. కిరాయి ఖోలీ పోతది. ఏడికి పోవాలె నేను, మా పెద్దల ఊరు సిద్దిపేటకు నడుసుకుంట పోవాలెనా?"

ద్రౌపది కుండ దగ్గర చతికిలబడింది. తప్పు సరిదిద్దాలంటే ముందు దొంగ దొరకాలి. పొద్దు వాలడానికి ఇంకా టైముంది, కానీ ఎక్కడ వెతకాలి? ఊరికే ఉండలేక ఆ ముక్కను దగ్గరగా చూసింది. ఆకుపచ్చ పోగును గోటితో కదిపింది. గంజి పెట్టిన నూలు. ముడి చిన్నది, పల్చగా, నలకంత. లాగితే జారలేదు, ఇంకా బిగిసింది.

"యల్లమ్మా, ఇటు రా. గీ పోగుతోటి ఒక ముడి ఎయ్యి."

"ఇప్పుడు పరీక్ష పెడ్తవా?"

"ఎయ్యవే, నీకు పున్నెముంటది."

యల్లమ్మ విసురుగా ఒక పోగు తీసుకుని వేసింది. రెండు మెలికలు, బొద్దు ముడి. దవాఖానా పనికి ముందు ఆమె పదేళ్లు బీడీలు చేసింది. బీడీకి దారం చుట్టి బిగిస్తారే తప్ప ముడి వేసే పనే లేదు. ద్రౌపదిదీ అదే చేయి, తనకూ అంతకంటే రాదు. కానీ కుండలోది అలాంటి ముడి కాదు. మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి అది. మగ్గం అచ్చు పళ్ల సందుల్లోంచి అడ్డం లేకుండా జారిపోవాలి గనక నలకంతే ఉంటుంది. నేతపని చేసిన వేళ్లకు అది నిద్రలో కూడా వస్తుంది. ఆ పని చేయని వేళ్లకు ఏడాది నేర్పినా రాదు.

"ఇది నీ ముడి గాదు" అంది ద్రౌపది మెల్లగా. "సాంచెల మీద పని జేసినోని ముడి."

"ఆఁ, గీ మాట పోచయ్యకు చెప్పు. ముడి చూసి నన్ను ఇడిసిపెడ్తడు!"

నిజమే. ముడి ఒక్కటే గల్లీ నోరు మూయించలేదు. కానీ అది దారి చూపిస్తోంది. కాన్పు గదిలోకి మగవాళ్లను రానివ్వరు. సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేది మగవాళ్లు. మరి సాంచెలు నడిపిన చేయి కాన్పు గదిలోకి ఎలా వెళ్లింది?

"యల్లమ్మా, కాన్పు అయినంక మాయ నీ చేతికి వచ్చేలోపల ఇంకెవరి చేతిల వడ్తది?"

"నర్సుబాయి బకెట్ల పెడ్తది. నేను కడిగే ఖోలీకి తీస్కపోత. పిల్లను తుడిచి వచ్చి కుండల ఎత్తుత." యల్లమ్మ ఆగింది. "నడుమ డాక్టర్ సాబ్ చేతులు కడుక్కోను వస్తడు."

"ఏ డాక్టర్?"

"మన గల్లీ సిద్ధరాములే. థర్మాస్ పట్టుకోని వస్తడు. చాయ్ అనుకున్న. కని గాయన చాయ్ తాగంగ నేను ఎన్నడు చూడలే." అంటూనే యల్లమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "వదినె…"

ద్రౌపది కళ్ల ముందు పదేళ్ల కిందటి సిద్ధరాములు ఉన్నాడు. తండ్రి సాంచెల దగ్గర స్టూలు మీద కూర్చుని, మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని చదివేవాడు. పోగు తెగితే, పుస్తకంలోంచి కళ్లు తీయకుండా చేయి చాచి ముడి వేసేవాడు. ఆ గల్లీలో పుట్టి డాక్టరైన మొదటివాడు. ఆ రోజు పోచయ్యే భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించాడు.

అతని మీద వేలెత్తితే గల్లీ నమ్మదు. వేలెత్తకపోతే యల్లమ్మ రోడ్డున పడుతుంది.

"నడువు" అంది ద్రౌపది, చెప్పులు తొడుక్కుంటూ.

* * *

పొద్దున దవాఖానాలో పని ముగించుకుని, మధ్యాహ్నం నుంచి సిద్ధరాములు హోట్గి రోడ్డు మీది కాలేజీలో ఏదో పరిశోధన చేస్తాడని అతని తల్లి అందరికీ గొప్పగా చెబుతుంటుంది. ఇద్దరూ బస్సు దిగి, మందుల వాసన కొట్టే వరండా దాటి, చివరి గది తలుపు తోశారు.

అతను వాళ్లను చూడలేదు. వీపు తిప్పుకుని కూర్చుని ఉన్నాడు. ముందు బల్ల మీద ఒక గాజు గొట్టం, అందులో వెచ్చని నీళ్లు, అడుగు నుంచి సన్నగా బుడగలు. నీళ్లలో రెండు దారాల మధ్య ఏదో లేత గులాబీరంగు పేలిక వేలాడుతోంది. పైదారం ఒక సన్నటి పుల్లకు కట్టి ఉంది. ఆ పుల్ల మొన, మసి పట్టించిన కాగితం చుట్టిన డబ్బాను తాకుతోంది. డబ్బా మెల్లగా తిరుగుతుంటే నల్లటి మసి మీద తెల్లటి గీత పడుతోంది.

సిద్ధరాములు సూదితో నీళ్లలోకి ఒక చుక్క వదిలాడు.

ముందు ఏమీ కాలేదు. తర్వాత గీత లేచింది. ఎవరో నిద్రలోంచి లేచినట్టు, బద్ధకంగా, ఆగకుండా పైకెక్కింది. నీళ్లలోని పేలిక బిగుసుకుని దారాన్ని కిందికి లాగుతోంది.

"అవ్వ! అది బతికున్నదే!" అంది యల్లమ్మ.

అతను తుళ్లిపడి తిరిగాడు. ఇద్దరినీ చూశాడు. ముఖం తెల్లబోయింది.

"చిన్నమ్మా… మీరు ఈడికి…"

"అది నా మనవనిదేనా?" అంది ద్రౌపది.

అబద్ధం చెప్పడానికి అతను నోరు తెరిచాడు. రాలేదు.

"అవును చిన్నమ్మా."

ద్రౌపది తిట్టాలనే వచ్చింది. బస్సులో తిట్లన్నీ వరసగా పేర్చుకుంది. కానీ గీత ఇంకా పైకెక్కుతూనే ఉంది, ఆమె కళ్లు దాన్ని వదల్లేదు.

"పిల్లగాని నుంచి కోసినంక సుత అది ఎట్ల బిగుస్తున్నది? ఎవరు జెప్తున్నరు దానికి?"

సిద్ధరాములు ముఖంలో భయం మీదుగా ఇంకేదో వెలిగింది. బహుశా ఈ ప్రశ్న అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"గదే చిన్నమ్మా! గదే నాకు సుత సమజ్ గాలే! మన ఒంట్ల నెత్తురు నాళాలకు చాలావాటికి మెదడు నుంచి నరాలు వస్తయి. బిగుసుకొమ్మంటె బిగుస్తయి. బొడ్డుతాడుల నరాలే లేవు. టెలిఫోన్ లేని ఊరన్నట్టు. అయినా పిల్ల పుట్టంగనే తాడుల నాళాలు బిగుసుకుంటయి. బిగుసుకోకుంటె పిల్ల నెత్తురంత కారిపోతది. మరి ఖబర్ ఎట్ల వచ్చింది?"

"ఎట్ల వచ్చింది?"

"చాలా దార్లున్నయి. నేను ఒక్కదాని వెంట పడ్డ. నెత్తుర్ల తిరిగే ఒక హార్మోను. చిన్నది, ఎనిమిది పూసల దండ లెక్క. పేరు యాంజియోటెన్సిన్. నెత్తురు తక్కువైతె ఒంట్ల అది తయారైతది, నాళాలు బిగుస్తయి, బీపీ నిలవడ్తది. ఇప్పుడు నేనేసిన చుక్క గదే."

ద్రౌపది ఆలోచించింది. "నెత్తుర్ల తిరిగేదైతె ఒళ్లంత తిరుగుతది గద. మరి నా చెయ్యెందుకు ముడుసుకోదు? కన్ను రెప్ప ఎందుకు వడదు?"

సిద్ధరాములు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. తను దొంగగా పట్టుబడ్డ సంగతి ఆ క్షణాన అతనికి గుర్తులేదు.

"పొద్దుగాల మిల్లు భోంగా మోగుతది గద, చిన్నమ్మా? శహరంత ఇనవడ్తది. కని ఎవరు లేస్తరు? గా మిల్లుల పని జేసేటోళ్లే. తక్కినోళ్లు అటు తిరిగి పండుకుంటరు. హార్మోను గా భోంగా లెక్క. దాన్ని పట్టుకునే చెవులు కొన్ని కణాలకే ఉంటయి. గ్రాహకం అంటరు దాన్ని. నాళం గోడల కండ ఉంటది, ఆ కండ కణాల మీద గీ చెవులుంటయి. దండ వచ్చి చెవిల కూసుంటె, కణం లోపల కాల్షియం లేస్తది, కండ గుంజుకుంటది. నీ రెప్పను ఎత్తే కండకు గా భోంగా వట్టదు."

"చెవులున్నయని ఎట్ల ఎరుక? కండ్లకు కనవడ్తయా?"

"కనవడయి. గందుకే గిట్ల పట్టుకుంట." అతను గొట్టంలోని నీళ్లు వదిలేసి కొత్తవి నింపాడు. గీత మెల్లగా కిందికి దిగింది. ఇంకో సీసాలోంచి చుక్క వేశాడు. "ఇది చెవిల పెట్టే దూది. దండ లెక్కనే ఉంటది, చెవిల కూసుంటది, కని లేపదు. ఇప్పుడు మళ్ల భోంగా మోగిస్త చూడు."

కాసేపాగి మొదటి మందు వేశాడు. ముగ్గురూ గీత వైపు చూశారు. డబ్బా తిరిగింది. గీత బల్ల అంచులా తిన్నగా సాగింది.

"చచ్చిపోయిందేమో" అంది యల్లమ్మ.

"గా అనుమానం నాకు సుత వచ్చింది, యల్లమ్మత్తా." అతను మూడో సీసా తీశాడు. "ఇది ఆ చెవితోటి పని లేకుండ కండను తిన్నగ లేపే మందు." చుక్క పడగానే గీత నిటారుగా లేచింది. "చూసినవా? కండ బతికే ఉన్నది. మూసుకున్నది గా ఒక్క చెవే. అంటె మొదలు లేపింది గా చెవి నుంచే అన్నట్టు."

తన మనవడి ఒంటిది, తొమ్మిది నెలలు వాడికి అన్నం మోసింది, గాజు గొట్టంలో జవాబు చెబుతోంది. ద్రౌపదికి ఒళ్లు గగుర్పొడిచింది. భయం అనుకుంది గానీ భయం కాదు. ఇంకోసారి చూడాలనిపించింది.

ఆ మాటే అనబోయి పక్కకు చూసింది. యల్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. పొద్దున్నుంచి ఒక్క చుక్క రాల్చని మనిషి, ఇప్పుడు ఏడుస్తోంది.

"మంచిగనే ఉన్నది డాక్టర్ సాబ్ మీ భోంగా. పొద్దుమూకంగ నన్ను గల్లీ నుంచి ఎల్లగొడ్తరు. గా సంగతి ఎరుకేనా మీకు?"

సిద్ధరాములు తల దించుకున్నాడు. ఆ దించుకోవడంలో ద్రౌపదికి ఒక సంగతి కనబడింది, దొంగతనం కన్నా అది ఎక్కువ కలుక్కుమంది. అతను ఆశ్చర్యపోలేదు.

"నీకు ఎరుకే" అంది. "పొద్దున్నే ఎరుక."

అతను సూది బల్ల మీద పెట్టాడు.

"గుడికాడికి రా, బిడ్డా. వచ్చి నీ నోటితోని చెప్పు. నేను చెప్తె ఎవరు నమ్మరు."

"చిన్నమ్మా, దవాఖానాల నేను పర్మిషన్ తీసుకోలే. కాలేజీల సుత దవాఖానా ఇచ్చిందని చెప్పిన. బైట వడితె రెండు దిక్కులా కొలువు పోతది. రెండేండ్ల పని…"

"యల్లమ్మ పని ఎన్నేండ్లదో అడిగినవా?"

అతను సీసాల వైపు చూశాడు. ద్రౌపది యల్లమ్మ చేయి పట్టుకుని బయటికి నడిచింది. వస్తాడో రాడో ఆమెకు తెలియదు.

* * *

ఎండ పచ్చబడేసరికి గుడి ముందు జనం నిండారు. పోచయ్య అరుగు మీద కూర్చున్నాడు. యల్లమ్మను ఎదురుగా నిలబెట్టారు. ద్రౌపది పోయి ఆమె పక్కనే నిలబడింది. అది చూసి గుసగుసలు లేచాయి.

"పొద్దుగాల నేను నోరు జారిన, పోచయ్య మామా. యల్లమ్మ చేసిన పని గాదు ఇది. ముడి చూసిన, అది సాంచెల మీది ముడి."

"ముడా?" పోచయ్య నవ్వాడు. "గీ లెక్కన గల్లీల సగం మంది మొగోళ్లు దొంగలే. పేరు చెప్పు."

ద్రౌపది జనం వైపు చూసింది. మూడో వరసలో సిద్ధరాములు తల్లి కూర్చుని ఉంది, కొడుకు ఇంకా ఇంటికి రాలేదని పక్కామెతో చెబుతోంది.

"చెప్పవేందమ్మా? పేరు లేదా?"

సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. జనం పక్కకు జరిగారు. సిద్ధరాములు వచ్చి యల్లమ్మకు రెండోవైపు నిలబడ్డాడు. జేబులోంచి ఆకుపచ్చ పోగు తీసి, రెండు కొసలు కలిపి, చూడకుండానే ముడి వేసి, పోచయ్య చేతిలో పెట్టాడు.

పోచయ్య దాన్ని చాలాసేపు చూశాడు. నేతగాడు గనక ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. అతని గొంతు మారిపోయింది.

"అరే సిద్ధరామా… నువ్వా? ఎందుకు బిడ్డా? అక్క కోసమా? పాపం, మీ అక్క కాన్పులనే పోయె. అసొంటి కష్టం ఇంకెవలకు రావొద్దని మందు కనిపెడ్తున్నవా? గట్ల జెప్పరాదురా!"

ఆడవాళ్లలో ఒకరిద్దరు కళ్లొత్తుకున్నారు. సిద్ధరాములు తల్లి లేచి నిలబడింది. బయటపడే దారి తెరుచుకుని ఉంది, అడుగు వేస్తే చాలు.

సిద్ధరాములు తల అడ్డంగా ఊపాడు.

"అక్క పేరు తియ్యకుండ్రి, పెద్దయ్యా. అక్క బీపీ లేచి, ఫిట్సొచ్చి పోయింది, నిజమే. గా మాట చెప్తె మీరందరు నన్ను మాఫ్ జేస్తరని సుత నాకు ఎరుకే. కని నేను అక్క కోసం జేయలే. నాకు చూడాల్నని ఉండె. నరాలు లేని నాళం ఎవరి మాట ఇని బిగుస్తదో చూడాల్నని ఉండె, గంతే. యల్లమ్మత్తకు ఏం తెల్వదు. థర్మాస్ నాది, కత్తెర నాది, ముడి నాది. ఒక్క ద్రౌపది చిన్నమ్మ ఇంటిదే గాదు, ఈ గల్లీల ఇంక ముగ్గురి కుండలల్ల నుంచి తీసిన. మీరు మూత ఇప్పరనుకున్న. పొద్దుగాల డ్యూటీ దిగి వస్తుంటె మా అమ్మ చెప్పింది, యల్లమ్మత్తను అంటున్నరని. నేను సైకిల్ దిగలే. ఈ పొద్దు దాటితె ఆ నాళం పనికి రాదని కాలేజీకి పోయిన. ఒక దిక్కు గీమె ఇజ్జత్, ఒక దిక్కు నా గాజు గొట్టం. నేను గొట్టం దిక్కు పోయిన. తీసినదానికంటె గదే పెద్ద తప్పు. ఇప్పుడు దవాఖానాల చెప్పే వస్తున్న. రేపటి నుంచి డ్యూటీకి యల్లమ్మత్త పోతది, నేను పోను. మీరు అడిగేది ఇంకొకటి ఉన్నది, నేనే చెప్త. మాకొక మాట చెప్పి తీస్కపోతె ఏమైతుండె అంటరు. అడిగితె ఇచ్చేటోళ్లా, ఇయ్యకపోయేటోళ్లా, నాకు తెల్వది పెద్దయ్యా. నేను ఒక్కల్ని సుత అడగలే."